మెకానిక్ షాపుకు అద్దె చోటు వెతుకుతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పని బాగా వచ్చిన ప్రతి మెకానిక్కూ ఏదో ఒకరోజు సొంత షాపు పెట్టుకోవాలనిపిస్తుంది. పనిముట్లు ఉంటాయి, నమ్మి బండి వదిలి వెళ్లే మనుషులూ ఉంటారు. సరైన చోటే దొరకదు. ఖాళీగా కనిపించేవాటిలో చాలావరకు బట్టల కొట్టుకో ఆఫీసుకో సరిపోతాయి గానీ బండ్ల పనికి పనికిరావు. నేను ఇప్పటికి రెండుసార్లు షాపు మార్చాను. రెండుసార్లూ పని లేక కాదు, చోటు తీసుకునేటప్పుడు చూడాల్సినవి చూడకపోవడం వల్ల. కొత్తగా షాపు పెట్టాలనుకునేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఇవి కార్లు, చిన్న వ్యాన్లు బాగుచేసే షాపులకు సరిపోతాయి. లారీలు, బస్సుల కొలతలు వేరు.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

చోటు చూడడంతో కాదు, అనుమతి కనుక్కోవడంతో. చాలా ఊళ్లలో ఏ వీధిలో ఏ పని చేసుకోవచ్చో పట్టణ ప్రణాళిక ముందే నిర్ణయించి పెట్టి ఉంటుంది. నివాస ప్రాంతం, వాణిజ్య ప్రాంతం, పారిశ్రామిక ప్రాంతం అని విడగొడతారు. "ఇది కమర్షియల్ ఏరియానే కదా" అని ఏజెంటు అంటారు. కానీ కొట్టు పెట్టుకోవడం, బండ్లు బాగుచెయ్యడం చాలాచోట్ల ఒకే అనుమతి కిందికి రావు. బండ్ల పనిలోనూ తేడాలుంటాయి. ఆయిల్ మార్చడం, బ్రేకులు చూడడం వరకు ఒప్పుకునే చోట వెల్డింగుకో స్ప్రే పెయింటింగుకో ఒప్పుకోకపోవచ్చు.

అందుకే స్థానిక సంస్థ కార్యాలయానికి వెళ్లి, ఆ చిరునామాలో మీరు చెయ్యబోయే పనులన్నీ పేరుపేరునా చెప్పి అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి. నోటిమాటగా "పర్లేదు, పెట్టుకోండి" అన్న మనిషి రేపు బదిలీ అయిపోవచ్చు.

ఇంతకుముందు అక్కడ మెకానిక్ షాపే ఉండేది కదా అన్న ధీమా కూడా వద్దు. పాతకాలం నుంచి నడుస్తోందని దాన్ని అలా వదిలేసి ఉండవచ్చు. కొంతకాలం మూతపడితే ఆ వెసులుబాటు పోయే చోట్లున్నాయి.

మెయిన్ రోడ్డు మీదే ఉండాలా?

టైర్లు, బ్యాటరీలు, ఆయిల్ మార్పు లాంటి అప్పటికప్పుడు అయ్యే పనులైతే రోడ్డు మీద కనిపించడం అవసరం. ఇంజను, గేర్‌బాక్సు, సస్పెన్షను పనులైతే అంత అవసరం లేదు. ఆ పనులకు జనం బోర్డు చూసి రారు, మీ పేరు విని వెతుక్కుంటూ వస్తారు. మెయిన్ రోడ్డు నుంచి ఒక్క మలుపు లోపలికి వెళ్తే అద్దె తగ్గుతుంది, ముందు ఖాళీ జాగా పెరుగుతుంది. నేను ఆ మలుపు లోపలి చోటే తీసుకుంటాను.

రోడ్డు పేరు కన్నా లోపలికి వచ్చే దారి ముఖ్యం. నడవని బండిని మోసుకొచ్చే ట్రక్కు 8 మీటర్ల పైనే పొడవు ఉండవచ్చు. అది గేటు ముందు ఆగి, బండిని దించి, వీధి మొత్తం ఆపకుండా తిరిగి వెళ్లగలదా అన్నది చూడండి. రోడ్డు మధ్యలో డివైడర్ ఉంటే అవతలి వైపు నుంచి వచ్చేవాళ్లు ఎంత దూరం వెళ్లి తిరిగి రావాలో కూడా చూడండి. వీలైతే రద్దీ వేళ మీరే ఒక బండి తీసుకెళ్లి లోపలికి పెట్టి, వెనక్కి తీసి చూడండి.

స్పేర్ పార్ట్స్ కొట్లు దగ్గర్లో ఉన్నాయా అన్నదీ అడగాల్సిన ప్రశ్నే. బుష్ లాంటి ఒక చిన్న పార్టు కోసం, బండ్లను పైకెత్తే లిఫ్టు మీద ఒక బండి సగం రోజు వేలాడితే ఆ సగం రోజు ఆ లిఫ్టు మీకు లేనట్టే.

ఎంత జాగా కావాలి?

ఒక బండి నిలబెట్టి చుట్టూ పని చేసుకునే జాగాను మనం బే అంటాం. మామూలు కారు 4 నుంచి 4.7 మీటర్ల పొడవు, దాదాపు 1.8 మీటర్ల వెడల్పు ఉంటుంది. రెండు వైపులా తలుపులు తెరవాలి, ముందు బానెట్ ఎత్తాలి, పనిముట్ల ట్రాలీ తిరగాలి. ఇవన్నీ కలిపితే 12 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు సౌకర్యంగా ఉంటుంది, అంటే 288 చదరపు అడుగులు. రెండు స్తంభాల లిఫ్టు స్తంభాలతో కలిపి 11 అడుగుల పైనే వెడల్పు తీసుకుంటుంది కాబట్టి ఈ వెడల్పు తగ్గించుకోకండి. బేలు ఎదురెదురుగా ఉంటే మధ్యలో బండి తిప్పుకోవడానికి 20 నుంచి 24 అడుగులు వదలాలి. కంప్రెసర్‌కు ఒక మూల, విడిభాగాలకు తాళం వేసే గది, కాగితం పనికి ఒక బల్ల, మనుషులకు టాయిలెట్ కూడా లెక్కలోకి రావాలి.

అందరూ మరిచిపోయేది ఆగి ఉండే బండ్ల జాగా. ఒక్కో బేకి పని కోసం ఎదురుచూసేది ఒకటి, పార్టు కోసం ఆగినది ఒకటి, పనైపోయినా ఓనరు వచ్చి తీసుకెళ్లనిది ఒకటి ఉంటాయి. అంటే రెండు బేల షాపుకు 6 బండ్లు నిలిపే జాగా ఉండాలి. ఒక్కో బండికి 2.5 మీటర్లు బై 5 మీటర్లు వేసుకోండి. ఆ జాగా లేకపోతే బండ్లు రోడ్డు మీదికి వస్తాయి, ఇరుగుపొరుగుతో గొడవ అక్కడే మొదలవుతుంది. నాలుగు బేలు ఉండి ముందు జాగా లేని చోటు కన్నా రెండు బేలు, పెద్ద ఆవరణ ఉన్న చోటు నయమని నా నమ్మకం.

చోటు చూడడానికి వెళ్లేటప్పుడు జేబులో సుద్దముక్క పెట్టుకెళ్లండి. నేల మీద 12 బై 24 గడి గీసి, మీ బండి అందులో పెట్టి, నాలుగు తలుపులూ తెరవండి. పిల్లర్ ఎక్కడ అడ్డొస్తుందో అప్పుడు తెలుస్తుంది. ప్లానులో చిన్న నల్లచుక్కలా కనిపించే పిల్లర్ అసలు చోట ఒక బేనే మింగేస్తుంది.

పైకప్పు ఎంత ఎత్తు ఉండాలి?

ఈ ప్రశ్నకు నేను మూడేళ్ల నడుం నొప్పితో జవాబు నేర్చుకున్నాను. మొదటి షాపు చూడ్డానికి వెళ్లినప్పుడు ఎత్తు 13 అడుగులని చెప్పారు. టేపు పెట్టి కొలిస్తే నిజంగానే 13 అడుగులు. సంతోషంగా సంతకం పెట్టాను. లిఫ్టు బిగించే రోజు గమనించాను, బే మధ్యలో అడ్డంగా ఒక బీమ్ ఉంది, దాని కింది అంచు నేల నుంచి 10 అడుగుల 8 అంగుళాలు. 6 అడుగుల ఎత్తున్న ఎస్‌యూవీని నాలుగున్నర అడుగులకు మించి లేపితే టాప్ బీముకు తగులుతుంది. బండి అడుగుభాగం సరిగ్గా నా గడ్డం దగ్గర ఆగేది. మూడేళ్లు మెడ పక్కకు వంచి, మోకాళ్లు మడిచి పనిచేశాను.

లెక్క సులువే. మీ దగ్గరికి వచ్చే అతి ఎత్తైన బండి ఎత్తుకు, లిఫ్టు లేపే ఎత్తు కలపండి. చాలా లిఫ్టులు 6 అడుగుల దాకా లేపుతాయి. 6 అడుగుల ఎస్‌యూవీకి 12 అడుగులు అయింది. ఎత్తైన వ్యాన్లు వస్తాయనుకుంటే 14 అడుగులు చూడండి. కొలిచేది స్లాబ్ దాకా కాదు, కిందికి వేలాడే అన్నిటికన్నా తక్కువ ఎత్తు వస్తువు దాకా. బీమ్, ట్యూబ్‌లైట్, పైపులు, షట్టరు పైకి చుట్టుకునే పెట్టె, ఇవన్నీ చూడండి.

లిఫ్టు సొంత ఎత్తు వేరే సంగతి. పైన అడ్డకమ్మీ ఉండే రెండు స్తంభాల లిఫ్టులు మామూలుగా పదకొండున్నర నుంచి 12 అడుగులు ఉంటాయి. తక్కువ ఎత్తు షెడ్డులకు పైకమ్మీ లేని రకం దొరుకుతుంది, అది తొమ్మిదిన్నర అడుగులకు అటూ ఇటూ. కానీ అందులో కేబుళ్లు, హైడ్రాలిక్ గొట్టం రెండు స్తంభాల మధ్య నేల మీద ప్లేటు కింద నుంచి వెళ్తాయి. గేర్‌బాక్సు జాక్ తోసుకెళ్లిన ప్రతిసారీ చక్రాలు ఆ ప్లేటుకు తగులుతాయి. నేను కొన్నది ఆ రకమే, బీమ్ వల్ల వేరే దారి లేక.

నేల గట్టిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

కంటికి తెలియదు. రెండో షాపులో నేల నున్నగా, మెరుస్తూ ఉంది. లిఫ్టు బిగించడానికి వచ్చిన కుర్రాడు డ్రిల్లు ఆన్ చేశాడు. కాసేపు తెల్లటి సిమెంటు పొడి వచ్చింది. ఉన్నట్టుండి డ్రిల్లు కిందికి జారిపోయింది, పొడి బదులు తడి మట్టి బిట్టుకు చుట్టుకుని పైకొచ్చింది. కొలిస్తే కాంక్రీటు రెండున్నర అంగుళాలే. దాని మీద ఒకటిన్నర టన్నుల బండిని మనిషి తల మీదికి లేపాలి!

చాలా లిఫ్టు కంపెనీలు కనీసం 4 అంగుళాల మందం, గట్టి కాంక్రీటు, పోసి 28 రోజులు నానిన నేల అడుగుతాయి. 6 అంగుళాలుంటే మనసుకు నిబ్బరం. మీ లిఫ్టు మాన్యువల్‌లో రాసిందే చివరి మాట, ఊహల మీద పోవద్దు. లిఫ్టును నేలకు బిగించే యాంకర్ బోల్టులు పగుళ్లకు, జాయింట్లకు దగ్గరగా పడకూడదు. నేను ఇంజనీరును పిలిపించాను. స్తంభాలు వచ్చే చోట పాత నేల కోసి, లోతుగా తవ్వి, ఇనుము కట్టి, కొత్తగా పోయించాం. ఆ కాంక్రీటు గట్టిపడేదాకా లిఫ్టు లేకుండానే అద్దె కట్టాను.

అందుకే సంతకానికి ముందే భవనం ఓనరు అనుమతితో ఒక మూల చిన్న రంధ్రం వేసి చూడండి. ఒప్పుకోకపోతే భవనం డ్రాయింగులు అడగండి. లోపల తీగలు బిగించి పోసిన పోస్ట్ టెన్షన్డ్ స్లాబ్ అయితే మాత్రం ఇంజనీరు చెప్పకుండా ఒక్క రంధ్రం కూడా వెయ్యొద్దు. తీగ తెగితే ప్రమాదం. కింద సెల్లార్ ఉన్న అంతస్తుల మీద లిఫ్టు పెట్టాలన్నా అంతే, ఇంజనీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

నేల వాలు చూడడానికి ఒక పాత బేరింగు గుండు చాలు. నేల మీద వదలండి. ఎటు దొర్లిందో, ఎంత వేగంగా దొర్లిందో చూడండి. డ్రైన్ వైపు మెల్లగా దొర్లితే మంచిదే. లిఫ్టు పెట్టే చోట, ముఖ్యంగా వీల్ అలైన్‌మెంట్ చేసే చోట నేల సమంగా ఉండాలి.

పిట్ ఉన్న చోటు దొరికింది. తీసుకోవచ్చా?

పిట్ అంటే బండి కింద నిలబడి పనిచెయ్యడానికి నేలలో తవ్విన గుంత. ముందు మీ ప్రాంతంలో దానికి అనుమతి ఉందో లేదో కనుక్కోండి. అనుమతి ఉన్నా జాగ్రత్త. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. అది కిందికి దిగి పిట్‌లో నీళ్లలా నిలబడుతుంది, కంటికి కనిపించదు. ఎల్‌పీజీ కూడా అంతే. పెట్రోలు చలికాలంలోనూ ఆవిరవుతుంది, నిప్పు అంటుకోవడానికి ఎండ అవసరం లేదు. ఒక మామూలు బల్బు పగిలినా, గ్రైండరు నిప్పురవ్వ పడినా, పిట్‌లో ఉన్న మనిషికి బయటికి వచ్చే దారి ఒక్కటే. గాలిని అడుగు నుంచి లాగే ఫ్యాను, నిప్పురవ్వ రాని లైట్లు, రెండు వైపులా మెట్లు, వాడనప్పుడు గట్టి మూత, ఇవన్నీ ఉంటేనే వాడండి. లేకపోతే ఓనరును ఒప్పించి పూడ్పించి లిఫ్టు పెట్టుకోండి.

కరెంటు ఎంత కావాలి?

మీ మిషన్ల మీద ఉన్న ప్లేట్లు చదివి కూడండి. 5 హెచ్‌పీ కంప్రెసర్ 3.7 కిలోవాట్లు, 3 హెచ్‌పీ లిఫ్టు మోటారు 2.2 కిలోవాట్లు, ప్రెషర్ వాషరు, వెల్డింగ్ మిషను, లైట్లు, ఫ్యాన్లు. అన్నీ ఒకేసారి నడవవు, కానీ ఏవేవి కలిసి నడుస్తాయో మీకు తెలుసు. నేరుగా స్టార్ట్ అయ్యే మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా 5 నుంచి 7 రెట్లు కరెంటు లాగుతుంది. సన్న వైరింగు ఉన్న చోట కంప్రెసర్ మొదలైనప్పుడల్లా లైట్లు మసకబారేది ఇందుకే.

ఓనరును అడగాల్సినవి: త్రీ ఫేజ్ ఉందా, ఎంత లోడుకు అనుమతి ఉంది, మీటరు ఎవరి పేరు మీద ఉంది, పాత బకాయి ఏమైనా ఉందా, లోడు పెంచాలంటే ఖర్చు ఎవరిది. చివరిదానికి జవాబు లీజులో రాయించుకోండి. త్రీ ఫేజ్ "వచ్చే నెల వచ్చేస్తుంది" అన్న చోటుకు, అది వచ్చాకే అద్దె మొదలవుతుందని రాసుకోండి.

నీళ్లు, డ్రైనేజీ, పాత ఆయిల్ గురించి ఏం చూడాలి?

నేల మీద నీళ్లు పోయే జాలీ ఉంటే, ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో ముందు తెలుసుకోండి. ఒక బకెట్ నీళ్లలో కాస్త రంగు కలిపి పోసి, బయట ఏ మూత కింద ఆ రంగు కనిపిస్తుందో చూడండి. వాననీటి కాలువలోకి పోతుంటే ఆ జాలీ మూయించాలి. షాపు నుంచి పోయే ఆయిల్ నేరుగా చెరువుకో వాగుకో చేరుతుంది. ఆయిల్ నీటి మీద పలచటి పొరగా ఎంత దూరం పరుచుకుంటుందో వానాకాలంలో రోడ్డు మీద రంగురంగుల మరకలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

బండ్లు కడిగే పని ఉంటే ఆయిల్‌ను నీటి నుంచి వేరుచేసే తొట్టి కావాలి. ఆయిల్ తేలికగా ఉండి పైకి తేలడం మీదే అది పనిచేస్తుంది. నురగ వచ్చే డిటర్జెంట్ ఎక్కువ వాడితే ఆయిల్ నీటిలో కలిసిపోయి తొట్టి దాటిపోతుంది. తొట్టి కట్టడానికి, దాన్ని శుభ్రం చెయ్యడానికి కూడా జాగా చూసుకోండి.

పాత ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్, ఫిల్టర్లు, బ్యాటరీలు వేరువేరుగా పెట్టాలి. వాన పడని, తాళం వేసే మూల కావాలి. డ్రమ్ముల కింద, అన్నిటికన్నా పెద్ద డ్రమ్ము మొత్తం కారినా పట్టేంత లోతున్న ట్రే ఉండాలి. తీసుకెళ్లేవాళ్ల వాహనం ఆ మూల దాకా రాగలగాలి. లేకపోతే నిండు డ్రమ్మును దొర్లించేది మీరే.

అంతకుముందు గ్యారేజీయో పెట్రోలు బంకో ఉన్న చోటు అయితే?

సగం పని అయిపోయినట్టు కనిపిస్తుంది. లిఫ్టు బోల్టుల గుర్తులుంటాయి, త్రీ ఫేజ్ ఉంటుంది, జనానికి ఆ చోటు తెలిసి ఉంటుంది. దాంతోపాటు పాతవాళ్లు మట్టిలోకి వదిలిన ఆయిల్ కూడా మీకే వస్తుంది. మీరు ఖాళీ చేసే రోజు ఆ మట్టి శుభ్రం చేసే ఖర్చు మీ మీద పడకూడదంటే, మీరు రాకముందు అది ఎలా ఉందో సాక్ష్యం కావాలి. మట్టి పరీక్ష చేయించి ఆ రిపోర్టును లీజుకు జత చేయించండి. బంకు ఉన్న చోటైతే భూమిలో పాత ట్యాంకులు తీసేశారా అని కాగితాలు అడగండి. ఖర్చు అనిపిస్తుంది గానీ మట్టి శుభ్రం చెయ్యడానికి అయ్యే ఖర్చు ముందు అది చాలా తక్కువ.

పాతాయన ఎందుకు వెళ్లిపోయారో పక్క కొట్టువాళ్లను అడగండి. ఓనరు చెప్పేది ఒకటి, వాళ్లు చెప్పేది ఒకటి ఉంటుంది.

పైకప్పు పాత సిమెంటు రేకులైతే అందులో ఆస్బెస్టాస్ ఉందేమో తేల్చుకోండి. ఉంటే ఫ్యాను బిగించడానికో పైపు వెయ్యడానికో వాటికి రంధ్రాలు పెట్టొద్దు. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు.

పైన ఇళ్లున్న భవనంలో కింద షాపు తీసుకోవచ్చా?

వద్దు. నట్లు విప్పే ఇంపాక్ట్ గన్ చప్పుడు 100 డెసిబెల్స్ దాకా పోతుంది. కంప్రెసర్ అదురు గోడల గుండా పై అంతస్తుకు ఎక్కుతుంది. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, అది మెట్ల దారిలో పైకి పోతుంది. నిద్రపోయే మనుషుల కింద ఆ పని చెయ్యకూడదు. పక్కనే ఇళ్లు ఉన్నా కంప్రెసర్ ఉమ్మడి గోడకు ఆనకుండా, సైలెన్సర్‌కు తగిలించే పొగ గొట్టం గాలి ఆడే వైపుకు వెళ్లేలా చూసుకోండి. ఎదురెదురు గోడల్లో తెరుచుకునే షట్టర్లో కిటికీలో ఉంటే సగం సమస్య తీరుతుంది.

ఎంత అద్దె వరకు భరించగలను?

చదరపు అడుగుల రేటు పక్కన పెట్టండి. మీరు అమ్మేది గంటలు, కాబట్టి అద్దెను గంటల్లోకి మార్చండి. నెలకు కట్టే అద్దె, మెయింటెనెన్సు, పన్ను వాటా, బీమా, కరెంటు స్థిర చార్జీ అన్నీ కూడి, మీ గంట కూలితో భాగించండి.

రెండు బేలు, నెలకు 25 పనిదినాలు, రోజుకు 8 గంటలు అనుకుంటే 400 గంటలు. మొదటి ఏడాది అందులో సగానికి బిల్లు పడితే గొప్ప. అంటే 200 గంటలు. ఖర్చును గంట కూలితో భాగిస్తే 40 గంటలు వచ్చిందంటే, అయిదు గంటల్లో ఒక గంట చోటు కోసమే పనిచేస్తున్నట్టు. నా మటుకు అంతవరకు ఫర్వాలేదు. 60 దాటితే ఆ చోటు ఎంత నచ్చినా వదిలేస్తాను. అడ్వాన్సు, లిఫ్టు, వైరింగు అన్నీ కట్టాక కూడా ఆరు నెలల అద్దె చేతిలో మిగలాలి. పని పుంజుకోవడానికి అంత కాలం పడుతుంది.

లీజు కాగితంలో ఏవేవి ఉండాలి?

మొదటిది వాడకం. "వ్యాపార అవసరాలకు" అన్న మాట సరిపోదు. వాహనాల మరమ్మతు, లిఫ్టు బిగించడం, కంప్రెసర్, వెల్డింగ్, రాత్రుళ్లు ఆవరణలో బండ్లు ఉంచడం, బోర్డు పెట్టడం, ఇవన్నీ రాయించండి. స్థానిక అనుమతి రాకపోతే లీజు రద్దయి అడ్వాన్సు మొత్తం వెనక్కి వస్తుందన్న వాక్యం అందులో తప్పక ఉండాలి.

రెండోది లిఫ్టు ఎవరిది. చాలాచోట్ల చట్టం నేలకు బిగించినదాన్ని భవనంలో భాగంగా చూసే వీలుంది. మీరు బిగించినవన్నీ మీవేనని, వెళ్లేటప్పుడు తీసుకెళ్లవచ్చని, బోల్టు రంధ్రాలు పూడ్చి ఇవ్వడం వరకే మీ బాధ్యతని జాబితాతో సహా రాసుకోండి.

మూడోది కాలం. లిఫ్టు పెట్టుబడి తిరిగి రావాలంటే ఏడాది లీజు చాలదు. అయిదేళ్లు, తర్వాత మీరు కోరితే పొడిగింపు, అద్దె ఎప్పుడెప్పుడు ఎంత పెరుగుతుందో ముందే అంకెల్లో ఉండాలి. నా రెండో షాపు బాగానే నడిచింది. భవనం చేతులు మారింది. కొత్త ఓనరు వేరే పని కోసం ఖాళీ చెయ్యమన్నారు. అమ్మినా లీజు కొనసాగుతుందన్న ఒక్క వాక్యం నా కాగితంలో లేదు. కొత్తగా కాంక్రీటు పోయించిన నేలను వదిలేసి లిఫ్టు విప్పుకుని వచ్చేశాను. లీజు రిజిస్టరు చేయించాల్సిన చోట తప్పక చేయించండి, ఇలాంటప్పుడు అదే నిలబడుతుంది.

మిగతావి: పైకప్పు కారితే ఎవరు బాగుచేయించాలి, పనులు చేయించుకునే రోజులకు అద్దె మినహాయింపు ఎన్ని వారాలు, ఖాళీ చెయ్యడానికి నోటీసు ఎంత, అడ్వాన్సు ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఒక బే మరొకరికి అద్దెకు ఇచ్చుకోవచ్చా. కాగితం స్థానిక చట్టం తెలిసిన లాయరుకు చూపించాకే సంతకం.

ఏజెంటు చెప్పిన కొలతలు నమ్మవచ్చా?

మీ టేపు మీరు తీసుకెళ్లండి.

ముందు వేరేవాళ్ల గ్యారేజీలో ఒక బే తీసుకుంటే?

చేతిలో డబ్బు తక్కువైతే ఇదే మంచి దారి. లిఫ్టు, కరెంటు, అనుమతి అన్నీ అక్కడ ఉంటాయి. వాళ్ల లీజులో ఇలా ఇవ్వడానికి ఒప్పుదల ఉందో లేదో మాత్రం చూడండి. లేకపోతే ఇద్దరూ ఒకేసారి రోడ్డున పడతారు. కంప్రెసర్ ఎవరు ఎప్పుడు వాడాలి, బండి తాళాలు ఎవరి దగ్గర ఉండాలి, మీ పనిముట్లు పోతే ఎవరి బీమా, మీరు చేసిన పనిలో తేడా వస్తే ఎవరు జవాబుదారీ, ఇవి ముందే రాసుకోండి. స్నేహితులైతే మరీ ముఖ్యం.

ఎలక్ట్రిక్ బండ్ల కోసం ఇప్పుడే ఆలోచించాలా?

అయిదేళ్ల లీజు తీసుకుంటున్నప్పుడు ఆలోచించాలి. బ్యాటరీ వల్ల అవి అదే సైజు పెట్రోలు కారు కన్నా బాగా బరువు, కాబట్టి లిఫ్టుకూ నేలకూ ఆ బరువు లెక్కలో ఉండాలి. బ్యాటరీని కింద నుంచి దించాలంటే బండి కింద దాన్ని ఆనించుకునే బల్ల తిరిగే ఖాళీ కావాలి. ఒక చార్జరే 7 కిలోవాట్లు లాగవచ్చు. గుద్దుకుని బ్యాటరీ దెబ్బతిన్న బండి గంటల తర్వాత, రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు. దాన్ని భవనానికి, మిగతా బండ్లకు దూరంగా ఆరుబయట నిలపాలి, 15 మీటర్ల దూరం చెబుతారు. అంత ఆవరణ లేకపోతే అలాంటి బండ్లు తీసుకోవద్దు.

తాళం చేతికి వచ్చిన రోజు ఏం చెయ్యాలి?

సామాను దించకముందే ఓనరునో ఆయన మనిషినో పక్కన పెట్టుకుని ఖాళీ షెడ్డు మొత్తం వీడియో తీయండి. నేల మీద ప్రతి పగులు, ప్రతి ఆయిల్ మరక దగ్గర టేపు పెట్టి ఫోటో తీయండి. డ్రైన్ మూతలు ఎత్తి లోపల ఏముందో తీయండి. మీటరు రీడింగు తీయండి. షట్టరు పూర్తిగా లేపి దించండి, అన్ని స్విచ్చులూ వేయండి, అన్ని కుళాయిలూ తిప్పండి. పనిచెయ్యనివి ఒక కాగితం మీద రాసి, ఇద్దరూ సంతకం పెట్టి, చెరొక ప్రతి ఉంచుకోండి. లిఫ్టు స్తంభాలు వచ్చే చోట సుద్దతో గుర్తులు పెట్టి, బండి ఒకసారి లోపలికి నడిపి చూడండి. ఆ గుర్తులు సరిపోయాయనిపించాకే డ్రిల్లు పట్టే కుర్రాడిని పిలవండి.